పత్తిచేలో పుట్టిన పాట... ఇసుర్రాయి దగ్గర ఆగిన పాట

అబిడ్స్ అనగానే మీకేం గుర్తొస్తుంది? చీరల షాపులు, పెద్ద పోస్టాఫీసు, జగదీష్ మార్కెట్... అంతే కదూ! ఆ పేరెలా వచ్చిందో తెలుసా? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన అక్కడ దుకాణం పెట్టాడట. ఆబిద్ గారి దుకాణం కాస్తా జనం నోట్లో నాని అబిడ్స్ అయి కూర్చుంది. సరే, ఇప్పుడు చెప్పబోయే కబురు దాని గురించి కాదు. ఆదివారం అబిడ్స్ గురించి.

ఆదివారం అక్కడ షాపుల షట్టర్లు చాలావరకు దించే ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. మా అబ్బాయి ఇంజనీరింగు పుస్తకాల కోసం వెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు. వాడు బేరమాడుతుంటే నేను వంటల పుస్తకాలు తిరగేస్తున్నాను. వాటి మధ్య ఓ ఇంగ్లీషు పుస్తకం. అట్ట మీద ఒక నల్లటావిడ ఫోటో. నిండైన మనిషి, తలకి ఈకల అలంకారం, మెడలో ముత్యాలు. నవ్వుతోందో, ఏడుపు ఆపుకుంటోందో తెలియని ముఖం. నలభై రూపాయలిచ్చి కొనేశాను.

"అమ్మా, అది బ్లూస్ మ్యూజిక్ మీద పుస్తకం. నీకెందుకు?" అన్నాడు మావాడు.

"నాకు వంటల పుస్తకాలే కావాలని నీకెవరు చెప్పార్రా?" అన్నాను. అన్నానే కానీ, నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషుతో, పక్కన డిక్షనరీ పెట్టుకుని, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక రోజూ నాలుగు పేజీల చొప్పున అది పూర్తిచేసేసరికి రెండున్నర నెలలు పట్టింది. ఆ పాటలేమో మావాడు సెల్‌ఫోన్‌లో పెట్టి వినిపించేవాడు. మొదటి పాట వినగానే నాకు అమెరికా గుర్తు రాలేదు. మా అమ్మమ్మ గుర్తొచ్చింది! ఎందుకో చివర్లో చెప్తాను.

నీలం అంటే దిగులు

ఇంగ్లీషులో 'బ్లూ' అంటే నీలం రంగే కాదు, దిగులు అని కూడా అర్థం ఉంది. మనసు బాగోలేకపోతే 'నీలి దెయ్యాలు' పట్టాయని అనుకునేవారట పూర్వం. అలా దిగులు పాటలకి బ్లూస్ అని పేరొచ్చింది.

ఈ పాటలు పుట్టింది అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, ముఖ్యంగా మిసిసిపీ నది పక్కనున్న పత్తి చేలల్లో. ఆఫ్రికా నుంచి ఓడల్లో కుక్కి తెచ్చిన మనుషుల్ని, వాళ్ళ పిల్లల్ని, ఆ పిల్లల పిల్లల్ని తరాల తరబడి ఆ చేలల్లో బానిసలుగా వాడుకున్నారు. 1865లో చట్టం ప్రకారం బానిసత్వం పోయింది. పోయి ఏమైంది? భూమి దొరదే. విత్తనాలు, ఎద్దులు, తిండిగింజలు దొర దగ్గర అప్పు. పంట రాగానే లెక్క కట్టేదీ దొరే. ఏడాదంతా చాకిరీ చేస్తే చివరికి అప్పే మిగిలేది. మన తెలంగాణలో వెట్టి సంగతి విన్నవాళ్ళకి ఇదేం కొత్తగా చెప్పక్కర్లేదు.

చేలో పత్తి ఏరేటప్పుడు ఒకరు గొంతెత్తి ఒక మాట అంటే మిగతావాళ్ళంతా అందుకునేవాళ్ళు. ఒంటరిగా పనిచేసే మనిషైతే ఊరికే ఒక కేక పెట్టేవాడు. ఆ కేకే సాగి సాగి పాటయ్యేది. ఆ పొలం కేకలు, చర్చిలో పాడుకునే భక్తి పాటలు, అన్నీ కలిసి పంతొమ్మిదో శతాబ్దం చివరికి బ్లూస్ అనే రూపం వచ్చింది.

వాయిద్యాలు కొనే స్థోమత ఎవరికుంది? చీపురుకి చుట్టిన ఇనప తీగ విప్పి, గోడకి రెండు మేకులు కొట్టి, తీగ బిగించి, సీసా మెడతో దాన్ని నొక్కుతూ మీటేవాళ్ళట పిల్లలు! పేరుపొందిన గిటారు విద్వాంసులు కొందరు అలా చీపురు తీగతో మొదలుపెట్టినవాళ్ళే. (మా ఇంట్లో చీపురు తీగ ఊడితే మళ్ళీ కట్టుకోవడమే తప్ప ఇలాంటి ఆలోచన నాకెప్పుడూ రాలేదు.)

ఇక పాట కట్టే పద్ధతి చూడండి. ఒక వాక్యం పాడతారు. అదే వాక్యాన్ని మళ్ళీ పాడతారు. మూడోసారి దానికి జవాబు చెప్తారు. అంతే! ఈ మూడు వాక్యాలు పన్నెండు కొలతల తాళంలో ఇముడుతాయి. దోసెల పిండి అందరిళ్ళలో ఒకటే అయినా ఏ ఇంటి దోసె ఆ ఇంటిదే అయినట్టు, ఈ ఒక్క మూసలోనే వేలకి వేలు పాటలు. రెండోసారి అదే మాట ఎందుకు పాడతారంటే, ఆ లోపల మూడో మాట తట్టడానికి! అప్పటికప్పుడు కట్టి పాడేవాళ్ళకి ఆ కాస్త వ్యవధి చాలు. పైగా మన గమకాల్లాగా వాళ్ళూ స్వరాన్ని ఉండాల్సిన చోటునుంచి కొంచెం కిందికి జార్చి పలుకుతారు. గొంతు జీరబోయినట్టు వినిపించేది అందుకే.

డబ్ల్యూ.సి. హ్యాండీ అని ఒక బ్యాండు మేళం నాయకుడుండేవాడు. 1903 ప్రాంతంలో మిసిసిపీలోని టట్‌వైలర్ అనే చిన్న స్టేషన్లో రైలు రాక, కూర్చుని కునుకు తీస్తున్నాడట. పక్కన చిరిగిన బట్టల మనిషి ఒకడు గిటారు తీగల మీద చాకు జారుస్తూ ఒకే ముక్కని మూడుసార్లు పాడాడు. అంత వింత సంగీతం అంతవరకు వినలేదన్నాడు హ్యాండీ. తర్వాత ఆయనే ఇలాంటి పాటల్ని కాగితం మీద పెట్టి అచ్చువేశాడు, 1912లో ఒకటి, 1914లో మరొకటి. పాడిన మనిషి పేరు మాత్రం ఎవరికీ తెలియదు. నాంపల్లి స్టేషన్లో బండి ఆలస్యమై కూర్చున్నప్పుడల్లా నాకిప్పుడు ఈ సంగతే జ్ఞాపకం వస్తోంది. మన పక్కన కూర్చుని కూనిరాగం తీసేవాళ్ళని మనం ఎప్పుడైనా సరిగ్గా విన్నామా అని!

ముందుగా రికార్డుకెక్కింది ఆడవాళ్ళే

బ్లూస్ అంటే గిటారు పట్టుకున్న మగవాళ్ళ ఫోటోలే చూపిస్తారు ఎక్కడైనా. నేనూ అలాగే అనుకున్నాను. కాదండీ! మొట్టమొదట గ్రామఫోను రికార్డుల మీద బ్లూస్ పాడి దేశమంతా వినిపించింది నల్లజాతి ఆడవాళ్ళు. 1920 ఆగస్టు 10న న్యూయార్క్‌లో మామీ స్మిత్ అనే ఆవిడ ఒక పాట పాడింది. నల్లవాళ్ళు రికార్డులేం కొంటారులే అని అంతవరకు కంపెనీలవాళ్ళ ధీమా. మొదటి నెలలోనే 75 వేలు అమ్ముడయ్యాయని చెప్తారు. దాంతో కంపెనీలన్నీ పాడే ఆడవాళ్ళని వెతుక్కుంటూ బయల్దేరాయి. మా రైనీ, ఐడా కాక్స్, బెస్సీ స్మిత్... ఇలా ఓ పదేళ్ళపాటు ఆడవాళ్ళదే రాజ్యం. రాబర్ట్ జాన్సన్ అని ఇవాళ అందరూ తలచుకునే గిటారు ఆయన 29 పాటలు రికార్డు చేసింది 1936, 37ల్లో. అంటే వీళ్ళ తర్వాతే.

ఏం పాడారు ఈ ఆడవాళ్ళు? తాగొచ్చి కొట్టే మొగుళ్ళ గురించి, చెప్పకుండా వెళ్ళిపోయిన వాళ్ళ గురించి, అద్దె కట్టలేక సామాను వీధిలో పడటం గురించి, నది పొంగి ఇల్లు కొట్టుకుపోవడం గురించి. పక్కింటివాళ్ళకి కూడా చెప్పుకోలేని సంగతులు వేదికెక్కి, ముత్యాలు వేసుకుని, నలుగురి ముందూ పాడేశారు!

నా పుస్తకం అట్ట మీదున్నది బెస్సీ స్మిత్. 1894లో పుట్టింది. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. టెన్నెసీ రాష్ట్రంలోని చాటనూగా ఊళ్ళో, అన్న గిటారు వాయిస్తుంటే వీధి మూలన పాడి చిల్లర పోగుచేసేది. 1923లో వచ్చిన మొదటి రికార్డే లక్షల్లో అమ్ముడైంది. నల్లవాళ్ళకి హోటళ్ళలో గది ఇవ్వని రోజులవి. అందుకని తన మేళం మొత్తానికి ఒక రైలుపెట్టెనే కొనేసింది! అందులోనే వంట, అందులోనే పడక. ఈ సంగతి చదివి నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆడమనిషి, అందులోనూ నల్లామె, ఆ కాలంలో సొంత రైలుపెట్టె!

1929 తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చి రికార్డులు కొనేవాళ్ళు తగ్గిపోయారు. 1937 సెప్టెంబరులో మిసిసిపీలో రాత్రిపూట కారు ప్రమాదం జరిగి ఆమె చనిపోయింది. అప్పటికి 43 ఏళ్ళు. తెల్లవాళ్ళ ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం వల్లే పోయిందని చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజం కాదని, నేరుగా నల్లవాళ్ళ ఆసుపత్రికే తీసుకెళ్ళారని తర్వాత తేలింది. అయితే అలాంటి మాటని జనం అంత తేలిగ్గా ఎందుకు నమ్మారో ఆలోచిస్తే, ఆ రోజులెలాంటివో తెలుస్తుంది.

అంతమంది వచ్చి అంత్యక్రియలు చేశారు కానీ, సమాధి మీద పేరున్న రాయి ఒకటి పెట్టలేదు ఎవరూ. ముప్ఫై మూడేళ్ళు! చివరికి 1970లో ఇద్దరు ఆడవాళ్ళు డబ్బు పెట్టి రాయి వేయించారు. ఒకరు జానిస్ జాప్లిన్ అనే తెల్ల గాయని. బెస్సీ పాటలు విని నేర్చుకున్న మనిషి. రెండోవారు వనీటా గ్రీన్. ఈవిడెవరో తెలుసా? చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పని చేసిన పిల్ల!

ఇంకొకావిడ గురించి చెప్పకుండా ఉండలేను. బెస్సీ మొదటి రికార్డులోని ఆ పాట రాసినవాళ్ళలో ఒకరు అల్బర్టా హంటర్. ఆవిడా పెద్ద గాయనే. తల్లి పోయాక పాటలన్నీ వదిలేసి, వయసు పన్నెండేళ్ళు తగ్గించి చెప్పి, నర్సు ట్రైనింగులో చేరింది. ఇరవై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. 1977లో ఇక డెబ్భై వచ్చాయి, రిటైరవ్వమన్నారు. నిజానికి అప్పటికి ఆవిడకి 82! ఇంటికెళ్ళి కూర్చుందా? లేదు. న్యూయార్క్‌లో ఒక చోట మళ్ళీ పాడటం మొదలుపెట్టింది. 1984లో పోయేదాకా పాడుతూనే ఉంది. ఆవిడ పాడిన ఆ చోటు పేరు 'ద కుకరీ'. మన పత్రికలో వంటల పేజీ పక్కన అచ్చువేయడానికి ఇంతకన్నా తగిన పేరేముంటుంది చెప్పండి!

ఆ తర్వాత కథ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అందరికీ ఎంతోకొంత తెలిసిందే. పత్తిచేల కూలీలు లక్షలమంది ఉత్తరాది నగరాలకి వలసపోయారు. వాళ్ళతో పాటే పాటా పోయింది. మడ్డీ వాటర్స్ అనే ట్రాక్టరు డ్రైవరు 1943లో షికాగో చేరాడు. అక్కడి రొదలో మామూలు గిటారు వినబడక కరెంటు గిటారు పట్టాడు. ఆయన పాట పేరే ఇంగ్లండు కుర్రాళ్ళు తమ బృందానికి రోలింగ్ స్టోన్స్ అని పెట్టుకున్నారు. బిగ్ మామా థార్న్‌టన్ 1952లో పాడి రికార్డు చేసిన పాటని 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడి కోటీశ్వరుడయ్యాడు. ఆవిడకి ముట్టింది ఐదు వందల డాలర్లేనని ఆవిడే చెప్పుకుంది. ఇవాళ మన సినిమాల్లో వినే రాక్ బాణీల వెనకాల ఎక్కడో ఈ చీపురు తీగే ఉంది.

మన నాంపల్లి పక్కనే ఆఫ్రికా

ఇదంతా చదువుతున్నప్పుడు మా ఎదురింటి ఆపా వాళ్ళమ్మాయి పెళ్ళి వచ్చింది. నాంపల్లిలోనే ఫంక్షన్ హాలు. వరుడు దిగే వేళకి బయట డప్పుల్లాంటివి పట్టుకుని కొందరు నిలబడ్డారు. పాత పేపర్లు అంటించి ఆ మంట మీద వాయిద్యాలు కాచుకుంటున్నారు, తోలు బిగుసుకోవడానికి. మా పల్లెల్లో డప్పు కాచినట్టే! ఇక మొదలుపెట్టారు చూడండి... డఫ్ ఒకటి, ఢోలు ఒకటి, బోర్లించిన గిన్నెలాంటి మర్ఫా ఒకటి, ఆఖరికి స్టీలు బిందె మీద కూడా చెక్క ముక్కలతో దరువు! ఇద్దరు కుర్రాళ్ళు కర్రలు తిప్పుతూ ఆడారు. మావారంతటి మనిషి, పెళ్ళిళ్ళలో భోజనం తప్ప మరోటి పట్టనివారు, నిలబడి కాలు కదిపారు.

"వీళ్ళు ఏ.సి.గార్డ్స్ వాళ్ళమ్మా, సిద్దీలు. మా నికాలకి మర్ఫా లేకపోతే ఎట్లా?" అంది ఆపా.

ఏ.సి.గార్డ్స్ తెలుసుగా మీకు, మాసబ్ ట్యాంక్ పక్కన! నేనైతే చాలా ఏళ్ళు ఏ.సి. అంటే ఎయిర్ కండిషన్ కాబోలు అనుకున్నాను. నవ్వకండి. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. అంటే నిజాంగారి ఆఫ్రికా గుర్రపు దళం. వాళ్ళ బ్యారక్‌లుండిన చోటు అది.

ఆఫ్రికా తూర్పు తీరం నుంచి అరేబియా సముద్రం దాటి మనుషులు దక్కను నేలకి రావడం వందల ఏళ్ళ మాట. కొందరు సిపాయిలుగా, ఎక్కువమంది అమ్ముడుపోయిన బానిసలుగా. వీళ్ళనే హబ్షీలని, సిద్దీలని అంటారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపిన మలిక్ అంబర్ కథ స్కూల్లో చదువుకునే ఉంటారు. ఆయన 1626లో పోయాడు. మన ఊళ్ళో హబ్సిగూడ, బేగంబజారు దగ్గరి సిద్ది అంబర్ బజారు పేర్లు కూడా ఈ జాతివాళ్ళవే. నిజాం దగ్గరి గుర్రపు దళం సంగతికొస్తే, వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు దగ్గరున్న ఆఫ్రికా సిపాయిలు పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువుకి చేరడంతో అది మొదలైందంటారు. వనపర్తి! మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఆ పక్కనే. పుస్తకంలో ఆ పేరు చూస్తే నాకెలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మిసిసిపీ పత్తిచేలకి చేరినవాళ్ళకీ, ఇక్కడికి చేరినవాళ్ళకీ తేడా ఉంది. ఇక్కడ బానిసగా వచ్చినవాడు సిపాయి కాగలిగాడు, ఒకోసారి మంత్రీ కాగలిగాడు. అలాగని ఇక్కడంతా చల్లగా జరిగిపోయిందని అనను. తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చి అమ్మిన పిల్లాడికి ఏ రేవులో దించినా ఏడుపు ఒకటే కదా.

ఈ మర్ఫా మూలం యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం. అక్కడి నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు బార్కస్‌లో స్థిరపడ్డారు. బార్కస్ అన్నదీ బ్యారక్స్ అన్న మాటే. వాళ్ళ దరువూ, సిద్దీల ఆఫ్రికా దరువూ కలిసిపోయి హైదరాబాదు మర్ఫా అయ్యింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి సంస్థానం ఇండియాలో కలిశాక నిజాం సైన్యం రద్దయింది. గుర్రాలు పోయాయి, యూనిఫారాలు పోయాయి. తరాలుగా సిపాయిగిరీ తప్ప వేరే పని తెలియని కుటుంబాలు ఏ పని దొరికితే ఆ పనికి కుదురుకున్నాయి. మిగిలింది మర్ఫా. కొలువులో పండగలకి వాయించుకున్న దరువు కూటికి దారి కూడా అయ్యింది.

అందులో ఒక దరువే తీన్‌మార్! మూడు దెబ్బల వరస. ఇప్పుడు బోనాలకీ, వినాయక నిమజ్జనానికీ, ఎవరింట్లో పెళ్ళి ఊరేగింపుకైనా హిందువులూ ముస్లిములూ అని లేకుండా అందరూ ఎగిరేది దానికే. 2011లో ఆ పేరుతో సినిమా వచ్చింది, టీవీలో వార్తలకి కూడా ఆ పేరే పెట్టుకున్నారు. ఆడేవాళ్ళలో ఎంతమందికి అది సముద్రం దాటి వచ్చిన దరువని తెలుసు? అక్కడ రాక్ పాటలకి ఊగేవాళ్ళకి పత్తిచేను గుర్తులేనట్టే ఇక్కడా.

బ్లూస్ దిగులు పాట, మర్ఫా సంబరం దరువు, రెండింటినీ ఎందుకు కలుపుతున్నావని మావాడు వాదించాడు. నేనేమన్నానంటే, బ్లూస్ కూడా ఏడుస్తూ కూర్చోవడానికి పుట్టింది కాదురా. వారమంతా చాకిరీ చేసి శనివారం రాత్రి పూరిపాకల్లో చేరి ఆ పాటలకే తెల్లవార్లూ డాన్సు చేసేవాళ్ళు. ఏడుపుని తాళానికి కట్టేసి తొక్కేయడం అది! వాడు ఒప్పుకున్నట్టు తలూపాడు కానీ ఒప్పుకోలేదని నాకు తెలుసు.

ఒకటి మాత్రం దిగులు కలిగించింది. పెళ్ళిలో వాయించింది పావుగంటే. తర్వాత డీజే పెట్టెలు మొదలయ్యాయి. మర్ఫా వాళ్ళు వాయిద్యాలు ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మా అమ్మమ్మ క్యాసెట్టు

ఇప్పుడు నా సంగతి. మా అమ్మమ్మది వనపర్తి దగ్గర పల్లె. జొన్నరొట్టె తినే ఇల్లు. కోడి కూయకముందే లేచి ఇసుర్రాయి దగ్గర కూర్చునేవాళ్ళు. అటొకరు, ఇటొకరు, పిడి మీద ఇద్దరి చేతులూ. అమ్మమ్మ ఒక చరణం అందుకుంటే ఎదుటివాళ్ళు అదే చరణం తిప్పి పాడాలి. ఆ తర్వాత అమ్మమ్మ ఒక్కతే మరో మాట అని ముగించేది. పుట్టింటికి తీసుకుపోవడానికి అన్న రాకపోవడం, వానలు పడకపోవడం, అత్త తాళంచెవి దాచడం... అన్నీ ఆ పాటల్లోకి వచ్చేవి. రాయి తిరిగే చప్పుడే తాళం. మొదటిసారి బ్లూస్ వినగానే అమ్మమ్మ ఎందుకు గుర్తొచ్చిందో ఇప్పుడు అర్థమైందా!

1993లో అమ్మమ్మ మా ఇంటికొచ్చింది. మా మామయ్య దుబాయి నుంచి టేప్‌రికార్డరు తెచ్చిన కొత్త. అమ్మమ్మ చేత పాడించి ఒక వైపు నిండా, అరగంట, రికార్డు చేశాడు. తిప్పి వినిపిస్తే అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. "గదేందే, నా గొంతు డబ్బల కెల్లి వస్తుంది? నేను గిట్ల పాడ్తనా?" అని ఒకటే నవ్వు. మడ్డీ వాటర్స్ కూడా అంతేనట. 1941లో అలన్ లోమాక్స్ అనే ఆయన ఊళ్ళు తిరుగుతూ ఆయన చేత పాడించి వినిపిస్తే, నా గొంతు ఇలా ఉంటుందా అని మొదటిసారి నమ్మకం కుదిరిందట. ఈ లోమాక్స్, వాళ్ళ నాన్నా 1933 నుంచే కారు వెనకాల మూడు వందల పౌన్ల బరువున్న రికార్డింగు మిషను వేసుకుని జైళ్ళూ చేలూ తిరిగారు. మన దగ్గర బిరుదురాజు రామరాజుగారు 1950ల్లో ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి, పల్లెపాటల్ని పుస్తకానికెక్కించారు. ఆడవాళ్ళ పాటలు చాలావరకు అలాంటివాళ్ళ పుణ్యాన మిగిలినవే.

నేనేం చేశానో తెలుసా? 1995లో, పదహారేళ్ళ వయసులో, స్నేహితురాలి దగ్గర కొత్త సినిమా పాటల క్యాసెట్టు దొరికింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. అమ్మమ్మ పాటల మీద ఆ సినిమా పాటలు ఎక్కించేశాను. అమ్మమ్మ ఉందిగా, మళ్ళీ పాడుతుందిలే అనుకున్నాను. క్యాసెట్టు వెనకవైపు రెండు చిన్న ప్లాస్టిక్ బుడిపెలుండేవి, గుర్తుందా? అవి విరగ్గొట్టి ఉంటే దాని మీద మళ్ళీ రికార్డయ్యేది కాదు. ఆ మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. 1998లో అమ్మమ్మ పోయింది. ఈ మాట ఇంతవరకు మా అమ్మకి కూడా చెప్పలేదు. క్యాసెట్టు ఇల్లు మారేటప్పుడు పోయిందనే చెప్పాను. ఈ వారం పత్రిక చూసి తెలుసుకుంటుంది కాబోలు.

అల్బర్టా హంటర్ సంగతి చదివిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు వనపర్తిలో ఉన్న మా చిన్నమ్మకి ఫోన్ చేశాను. "చిన్నమ్మా, అమ్మమ్మ ఇసుర్రాయి పాటలు నీకు యాదికున్నయా?" అని. "నాకేడ ఉంటయి బిడ్డా, ఊర్ల గిర్ని వచ్చినంక ఇసురుడే బంద్ అయె. పాట గిట్ల అండ్లనే పోయింది" అంది. నిజమే మరి. పిండిమర వచ్చి చేతుల నొప్పులు తీసింది, దాన్ని తిట్టడానికి నోరు రాదు. కానీ పాటకి రాయి చప్పుడే లేకపోతే ఎవరు పాడతారు? ఆ తర్వాత మా పాలమూరు మనుషులు ఆనకట్టలు కట్టడానికి దేశమంతా వలసపోయారు. పల్లె ఖాళీ అవడం మీద గోరటి వెంకన్నగారు రాసిన పాట 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చినప్పుడు మా చిన్నమ్మ హాల్లోనే ఏడ్చిందట.

అయినా ఊరుకోకుండా దసరాకి వెళ్ళాను. ఊరికే పాడమంటే రాదు, చేతికి పని ఉండాలి. ఇది అందరికీ చెప్తున్నాను, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళ చేత పాడించాలనుకుంటే ఎదురుగా ఫోను పెట్టి "పాడు" అనకండి. బిగుసుకుపోతారు. బియ్యం చెరుగుతున్నప్పుడో, చిక్కుడుకాయలు గిల్లుతున్నప్పుడో ఫోను పక్కన బోర్లా పెట్టి ఊరుకోండి. ఫ్యాను, టీవీ మాత్రం ఆపేయండి, చప్పుడంతా అందులోనే పడుతుంది. రికార్డు చేసింది ఇంకో ఇద్దరికి పంపించి ఉంచండి.

చిన్నమ్మ ఇంటి వెనక కొట్టంలో పాత ఇసుర్రాయి ఉంది, పై రాయి అంచు పగిలి. కడిగి, పిడి కొత్తది బిగించి, రెండు గుప్పెళ్ళు జొన్నలు పోసి కూర్చున్నాం, ఆమె అటు, నేను ఇటు. పది సుట్లు తిరిగాయో లేదో, చిన్నమ్మ గొంతు సవరించుకుంది. పాట వచ్చింది!

ఆమెకి ఎలా వచ్చిందంటే, పన్నెండేళ్ళ పిల్లగా అమ్మమ్మకి ఎదురుగా కూర్చుని తిప్పి పాడింది తనే కదా. "అమ్మ ముందుగాల అందుకునేది, నేను గదే మాట మళ్ళ అనేదాన్ని" అంది. అమ్మమ్మ మొదటి చరణమూ, చిన్నమ్మ తిప్పి పాడిన రెండో చరణమూ ఒకటే కాబట్టి, చిన్నమ్మ వంతు గుర్తుంటే అమ్మమ్మ వంతూ దొరికినట్టే! అలా పదకొండు చరణాలు దొరికాయి. మూడో మాట, అమ్మమ్మ ఒక్కతే పాడిన జవాబు, మాత్రం నాలుగు చోట్లే గుర్తుంది. మిగతా ఏడు చోట్ల ఆ మాట రావాల్సిన జాగాలో చిన్నమ్మ 'ఊ...' అని రాగం తీసి వదిలేసింది. రికార్డులో ఆ ఏడు చోట్లా రాయి చప్పుడొక్కటే వినిపిస్తుంది.

మా అమ్మ వచ్చే నెల మా ఇంటికొస్తోంది. తనకేమైనా గుర్తుందేమో అడగాలి. ముందు ఆ క్యాసెట్టు సంగతి ఒప్పుకుని, తర్వాత.